జాంబీ ఆటల చరిత్ర: ఆటగాళ్లు ఒక ఆటను వదిలి ఇంకో ఆటకు ఎందుకు పోతారు?



ఇన్నాళ్లూ గనుల గురించి, లైన్ల ఇళ్ల గురించి, చిత్తూరు పక్క నుంచి మన తాతలు వలస వచ్చిన దారుల గురించి రాస్తూ వచ్చాను. ఈసారి విషయం వేరు. మారికుప్పం నుంచి బెంగళూరుకు పోయే రైలు ఎక్కితే కనబడేదే. సీటు దొరికినవాడు, దొరకనివాడు, తలుపు దగ్గర నిలబడినవాడు, సగం మంది కుర్రాళ్లు ఫోన్లో తుపాకీ పట్టుకుని పరుగెత్తుతుంటారు. మనం దాన్ని మొత్తంగా 'పబ్జీ' అనేస్తాం. ఆ ఆట తాత ఒక జాంబీ ఆట. జాంబీ అంటే చచ్చి లేచి మనుషుల మీద పడే శవం. మన బేతాళుడు కథలు చెప్పి ప్రశ్నలు వేస్తాడు, దీనికి మాత్రం ఆకలి తప్ప ఇంకేమీ తెలియదు.

ఈ ఆటల చరిత్ర పెద్దలు కూడా తెలుసుకోవాలని నా ఉద్దేశం. ఎందుకో చివర్లో చెబుతాను. పదిహేనేళ్లలో ఈ ఆటలు ఒకదానితో ఒకటి పోటీ పడ్డాయి. కొన్ని లక్షల మందిని కూడగట్టి నిలిచాయి, కొన్ని నాలుగు రోజుల్లో మునిగిపోయాయి. ఆటగాళ్లు ఎవరిని నమ్మారు, ఎవరిని వదిలేశారు అని చూస్తే, అది ఒట్టి ఆటల కథ కాదని మీకే తెలుస్తుంది.

మొదటి గొడవ: 'మమ్మల్ని వదిలేస్తారా?'

సినిమాల్లో ఈనాటి రకం జాంబీని స్థిరపరచినవాడు అమెరికా దర్శకుడు జార్జ్ రొమేరో, 1968లో. కంప్యూటర్ ఆటల్లో జపాన్ కంపెనీ క్యాప్‌కామ్ 1996లో తెచ్చిన 'రెసిడెంట్ ఈవిల్' పెద్ద పేరు తెచ్చుకుంది. అవన్నీ ఒక్కడే కూర్చుని ఆడే రోజులు. 2008 నవంబరులో వాల్వ్ అనే అమెరికా కంపెనీ 'లెఫ్ట్ 4 డెడ్' తెచ్చింది. నలుగురు కలిసి ఆడాలి. ఒకడు ముందుకు ఉరికితే చస్తాడు, వెనకబడినా చస్తాడు. పడినవాడిని పక్కవాడు లేపాలి. గనిలో దిగిన వాళ్లకు ఈ నియమం కొత్తగా చెప్పక్కర్లేదు.

ఏడాది తిరక్కుండానే, 2009 జూన్‌లో, అదే కంపెనీ రెండో భాగం ప్రకటించింది. మొదటి ఆట కొన్నవాళ్లు భగ్గుమన్నారు. 'ఇంకా కొత్త భాగాలు ఇస్తామన్నారు కదా, ఇంతలోనే ఇంకో ఆటా? మళ్లీ డబ్బా?' అని బహిష్కరణ గుంపు పెట్టారు. అందులో 30 వేల మందికి పైగా చేరారు. కంపెనీ వాళ్లను తిట్టలేదు, గుంపు నడిపిన ఇద్దరినీ తన ఆఫీసుకు పిలిపించి, తయారవుతున్న ఆట చేతికిచ్చి ఆడించింది. మొదటి ఆటకు 2009లోనూ 2010లోనూ కొత్త భాగాలు ఇచ్చింది. తర్వాత మొదటి ఆటలోని కథాభాగాలన్నిటినీ రెండోదాంట్లో చేర్చేసింది. బహిష్కరణ 2009 అక్టోబరుకే ముగిసింది. రెండో భాగాన్ని ఇప్పటికీ జనం ఆడుతున్నారు.

కోపంగా వచ్చినవాళ్లే అసలు అభిమానులు. అభిమానం లేనివాడు గొడవ పెట్టుకోడు, చెప్పకుండా వెళ్లిపోతాడు. ఈ మాట గుర్తు పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

సైనికుడు చేసిన ఆట

2012లో డీన్ హాల్ అనే న్యూజిలాండ్ వాడు 'డేజీ' అనే ఆట వదిలాడు. అతను అక్కడి సైన్యంలో పనిచేసినవాడు. బ్రూనై అడవుల్లో బతికి బయటపడే శిక్షణలో ఆకలితో, దెబ్బలతో పడిన బాధ నుంచే ఈ ఆట ఆలోచన పుట్టిందని ఆయనే చెప్పాడు. నిజానికి అది పూర్తి ఆట కాదు. చెక్ దేశపు బొహీమియా కంపెనీ చేసిన 'ఆర్మా 2' అనే యుద్ధం ఆటకు తగిలించిన అతుకు మాత్రమే. ఇలాంటి అతుకును ఆటగాళ్లు 'మాడ్' అంటారు. అతుకు ఉచితం, కానీ అసలు ఆట కొనాలి. అలా మూడేళ్ల కిందటి పాత ఆట అమ్మకాలు మళ్లీ పైకి లేచాయి. ఆగస్టుకల్లా పది లక్షల మందికి పైగా ఆడారు.

అందులో ఏముంది? 225 చదరపు కిలోమీటర్ల ఊహా దేశం. ఒడ్డున పడేస్తారు. చేతిలో దాదాపు ఏమీ ఉండదు. ఎక్కడికి పోవాలో, ఏం గెలవాలో ఎవరూ చెప్పరు. ఆకలేస్తుంది, దాహమేస్తుంది, గాయమైతే రక్తం కారుతుంది. చస్తే గంటల తరబడి కూడబెట్టిందంతా పోయి మళ్లీ మొదటి నుంచి మొదలు. జాంబీలు తిరుగుతుంటాయి. కానీ ఆడినవాళ్లంతా చెప్పేది ఒకటే: భయం జాంబీల వల్ల కాదు, ఎదురొచ్చే మనిషి వల్ల. వాడు బీన్స్ డబ్బా ఇచ్చి కాపాడతాడో, దాని కోసమే కాల్చేస్తాడో తెలియదు. ఆ తెలియకపోవడంలోనే రుచి ఉంది.

ఇంత జనం ఒకచోట చేరారంటే వ్యాపారి ఊరుకుంటాడా? ఇక్కడి నుంచి పోటీ మొదలైంది.

బ్రోచర్ చూసి అడ్వాన్సు కట్టినవాళ్లు

2012 వేసవిలో డేజీ పేరు మోగుతుండగానే 'ది వార్ జీ' అనే ఆటను ప్రకటించారు. పేరు దగ్గర, సరుకూ దగ్గర. డిసెంబరు 17న స్టీమ్ అనే అంగడిలో అమ్మకానికి పెట్టారు. స్టీమ్ కంప్యూటర్ ఆటలు అమ్మే అతిపెద్ద ఆన్‌లైన్ దుకాణం. వందల చదరపు కిలోమీటర్ల పటాలు, ఒక్కో సర్వరులో వంద మంది ఆటగాళ్లు, ఇంకా ఎన్నో సౌకర్యాలు అని వివరణలో రాశారు. కొని లోపలికి వెళితే వాటిలో చాలా లేవు. పైగా చస్తే మళ్లీ ఆడడానికి గంటల తరబడి ఆగాలి. డబ్బు కడితే మాత్రం వెంటనే లేవొచ్చు. జనం తిరగబడ్డారు. రెండు రోజులకే, డిసెంబరు 19న, స్టీమ్ ఆ ఆటను అమ్మకం నుంచి తీసేసి, అడిగినవాళ్లకు డబ్బు వెనక్కి ఇచ్చింది. 2013లో ఆట తిరిగి వచ్చి పేరు మార్చుకుంది, 'ఇన్ఫెస్టేషన్: సర్వైవర్ స్టోరీస్' అయింది. 2016 చివర్లో మూతపడింది. నాలుగేళ్లు నడిచినా ఆ మొదటి రెండు రోజుల మచ్చ పోలేదు.

మన జిల్లావాళ్లకు ఇది వింతేమీ కాదు. రంగురంగుల బ్రోచరులో పార్కు, ఈతకొలను, నలభై అడుగుల రోడ్డు చూపించి సైటుకు అడ్వాన్సు తీసుకుంటారు. వెళ్లి చూస్తే రాళ్లు నాటిన రాగి చేను. అమ్మినవాడు 'డెవలప్ అవుతుంది సార్' అంటాడు.

ఆటల లోకంలో ఈ అడ్వాన్సు పద్ధతికి 'ఎర్లీ యాక్సెస్' అని పేరు. సగం కట్టిన ఇంట్లో గృహప్రవేశం చేయడం లాంటిది. డేజీ కూడా 2013 డిసెంబరు 16న అలాగే సొంత ఆటగా వచ్చింది. నెల రోజుల్లో పది లక్షలు అమ్ముడైంది. కానీ పూర్తి చేయడానికి ఐదేళ్లు పట్టింది. డీన్ హాల్ మధ్యలోనే, 2014లో, వెళ్లిపోయాడు. పూర్తి ఆట 2018 డిసెంబరు 13న వచ్చింది. ఈలోగా ఎందరో విసిగి వెళ్లిపోయారు. అయినా బొహీమియా వదిలిపెట్టలేదు, మెల్లగా బాగుచేసుకుంటూ పోయింది, జనం మళ్లీ చేరారు.

పెద్ద కంపెనీ, చిన్న మాట

2015 జనవరి 15న సోనీకి చెందిన ఆటల సంస్థ 'హెచ్1జెడ్1' తెచ్చింది. డబ్బున్న కంపెనీ, అనుభవమున్న కంపెనీ, ఇక డేజీ పని అయిపోయిందన్నారు. 'డబ్బు పెట్టినవాడే గెలిచే ఆట కాదు ఇది' అని ముందే మాటిచ్చారు. మొదటి రోజే జనం చూసిందేమిటంటే, డబ్బు కడితే విమానం వచ్చి పెట్టె పడేస్తుంది, అందులో తుపాకులు కూడా ఉంటాయి. మళ్లీ గగ్గోలు, మళ్లీ వాపసులు. మరుసటి నెలలోనే సోనీ ఆ సంస్థను అమ్మేసింది. దాని పేరు డేబ్రేక్ అయింది.

అసలు మలుపు ఇక్కడుంది. బ్రెండన్ గ్రీన్ అనే ఐర్లండ్ వాడు డేజీ మీద తన సొంత అతుకు వేశాడు. అందరినీ ఒక దీవి మీద వదిలి, చివరికి మిగిలినవాడే గెలిచినట్టు అన్నాడు. ఆ పద్ధతిని హెచ్1జెడ్1లో పెట్టడానికి ఆయన్ని సలహాదారుగా పిలిచారు. 2016 ఫిబ్రవరిలో ఆ ఆటను రెండు ముక్కలు చేశారు. జాంబీలతో బతికే ఆట ఒకటి, చివరిదాకా కాల్చుకునే ఆట ఇంకొకటి. జనం రెండోదాని వైపే పరుగెత్తారు. మొదటిదాన్ని నమ్ముకున్న పాత ఆటగాళ్లు సవతి బిడ్డలయ్యారు. 2018 అక్టోబరులో దాన్ని మూసేశారు.

రెండోది ఏమైంది? 2017 వేసవిలో ఒకే సమయంలో లక్షన్నర మంది దాకా ఆడారు. కానీ అంతకుముందే, మార్చి 23న, అదే బ్రెండన్ గ్రీన్ కొరియా కంపెనీతో కలిసి తన సొంత ఆట తెచ్చేశాడు. అదే పబ్జీ. 2018 జనవరికి అది ఏకకాలంలో 30 లక్షల మందిని దాటింది. హెచ్1జెడ్1 ఖాళీ అయిపోయింది.

కాబట్టి మన రైల్లో ఆడే ఆట వంశవృక్షం ఇది: న్యూజిలాండ్ సైనికుడి జాంబీ ఆట, దాని మీద ఐర్లండ్ వాడి అతుకు, దాన్నుంచి కొరియా కంపెనీ ఆట, దాన్నుంచి ఫోను ఆట. జాంబీలు మధ్యలో రాలిపోయాయి. మనిషికి మనిషి భయం మాత్రం మిగిలింది.

నిదానంగా నడిచినవాడు

ఇంగ్లండ్‌లో మొదలైన ఒక చిన్న బృందం 2011 నుంచి 'ప్రాజెక్ట్ జోంబాయిడ్' అనే ఆటను అమ్ముతోంది. బొమ్మలు పాతకాలం నాటివి. పై నుంచి చూస్తున్నట్టు ఉంటుంది. అందులో ఇల్లు చక్కబెట్టుకోవాలి, కిటికీలకు చెక్కలు కొట్టుకోవాలి, కూరగాయలు పండించుకోవాలి, జ్వరం వస్తే పడుకోవాలి. 2011 అక్టోబరులో వాళ్ల ఇంట్లో దొంగలు పడి ల్యాప్‌టాప్‌లు ఎత్తుకుపోయారు. బయట సరైన కాపీ లేక ఎన్నో రోజుల పని పోయింది. డబ్బు కట్టినవాళ్లు తిట్టారు, ఎగతాళి చేశారు. వాళ్లు దాచిపెట్టకుండా జరిగింది చెప్పారు. తర్వాత తమ తప్పుల మీద తామే సభలో ప్రసంగం కూడా ఇచ్చారు. పెద్ద వాగ్దానాలు చేయడం మానేసి పని చేసుకుంటూ పోయారు. 2021 డిసెంబరులో కొత్త రూపు వచ్చి, నలుగురూ కలిసి ఆడే వీలు తిరిగి వచ్చింది. మరుసటి నెలలో ఏకకాలంలో 60 వేల మందికి పైగా ఆడారు. పదేళ్ల పాత ఆటకు పదేళ్ల తర్వాత కాలం కలిసొచ్చింది.

దీనికి సరిగ్గా ఎదురు కథ 'ది డే బిఫోర్'. జాంబీల మధ్య పెద్ద బహిరంగ ప్రపంచం అని అద్భుతమైన వీడియోలు చూపించారు. స్టీమ్‌లో జనం అత్యధికంగా ఎదురుచూసే ఆటల్లో ఒకటైంది. 2023 డిసెంబరు 7న వచ్చింది. చూపించింది వేరు, ఇచ్చింది వేరు. డిసెంబరు 11న, అంటే నాలుగు రోజులకే, కంపెనీ మూసేస్తున్నామని ప్రకటించింది. 2024 జనవరి 22న సర్వర్లు ఆరిపోయాయి. వార్ జీ జరిగిన పదకొండేళ్లకు మళ్లీ అదే కథ. మోసపోయిన తరం పెద్దదైపోతుంది, కొత్త తరం కొత్తగా మోసపోతుంది. అందుకే చరిత్ర రాసి పెట్టాలి.

మన దేశంలో: నమ్మకం కాదు, ఉత్తర్వు

ఇక్కడ కథ వేరుగా నడిచింది. 2016 సెప్టెంబరులో జియో వచ్చి డేటా చవకైంది. కంప్యూటర్ కొనలేని ఇంట్లోకి కూడా ఫోను వచ్చింది. 2018 మార్చిలో పబ్జీ మొబైల్ వచ్చింది. 2019 ఫిబ్రవరిలో పాత చుట్టరికం గుర్తొచ్చినట్టు 'రెసిడెంట్ ఈవిల్ 2'తో కలిసి అందులోకి జాంబీలను కూడా తెచ్చారు. పక్కనే గరీనా కంపెనీ 'ఫ్రీ ఫైర్' ఉంది. పబ్జీలో వంద మంది, అరగంట ఆట. ఫ్రీ ఫైర్‌లో యాభై మంది, పది నిమిషాల ఆట. తక్కువ ధర ఫోనులో కూడా నడుస్తుంది. కుర్రాళ్ల గొడవ ఏది గొప్ప అని. అసలు తేడా చాలా ఇళ్లలో ఫోను ధరే.

2020 సెప్టెంబరు 2న కేంద్రం 118 యాప్‌లను నిషేధించింది, అందులో పబ్జీ మొబైల్ ఉంది. 2021 జూలై 2న అదే ఆట 'బీజీఎంఐ' పేరుతో తిరిగి వచ్చింది. 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ నిషేధం, దాని అన్న 'ఫ్రీ ఫైర్ మ్యాక్స్' మాత్రం మిగిలింది. 2022 జూలై 28న బీజీఎంఐ కూడా మాయం. 2023 మే నెలాఖరుకు మళ్లీ ప్రత్యక్షం, ఈసారి 18 ఏళ్ల లోపు వాళ్లకు రోజుకు మూడు గంటల పరిమితితో.

ఇన్ని మార్పుల్లో కుర్రాళ్లు ఏం చేశారో చూడండి. ఒక్కడొక్కడే మారలేదు, జట్టుగా మారారు. నలుగురిలో ముగ్గురు ఏ ఆటకు పోతే నాలుగోవాడూ అక్కడికే పోయాడు. వాడి విశ్వాసం ఆట మీద కాదు, జట్టు మీద. మనవాళ్లు సినిమాలో కూడా దీన్ని పట్టుకున్నారు. 2021 ఫిబ్రవరిలో వచ్చిన ప్రశాంత్ వర్మ 'జాంబీ రెడ్డి'లో హీరో ఆటలు తయారుచేసేవాడు. స్నేహితుడి కోసం రాయలసీమ వెళతాడు, అక్కడ ఒక పక్క ఫ్యాక్షన్, ఇంకో పక్క జాంబీలు.

మన ఊరికీ దీనికీ ఏమిటి సంబంధం?

1880లో జాన్ టేలర్ కంపెనీ వచ్చింది. ఒకే బంగారు సిర మీద వేర్వేరు పేర్లతో కంపెనీలు లేచాయి, కలిశాయి, మూతపడ్డాయి. చివరిదాకా మైసూరు, ఛాంపియన్ రీఫ్, నందిదుర్గ గనులు నడిచాయి. 1956లో రాష్ట్రం చేతికి, 1962లో కేంద్రం చేతికి, 1972లో భారత్ గోల్డ్ మైన్స్ పేరు, 2001 ఫిబ్రవరి 28న మూత. బోర్డు మారినప్పుడల్లా కార్మికుడు ఇక్కడే ఉన్నాడు, ఎందుకంటే పక్క లైన్లో తన మనిషి ఉన్నాడు. సైరన్ ఆగిపోయాక రైలెక్కాడు. గని మళ్లీ తెరుస్తారన్న మాట ఎన్ని ఎన్నికల్లో విన్నామో మీకే తెలుసు. వాగ్దానం చేసి ఇవ్వనివాణ్ని జనం ఎలా చూస్తారో మన కంటే బాగా ఎవరికి తెలుసు?

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఉగాది పోటీల్లో ముగ్గులు, కబడ్డీతో పాటు ఫోను ఆటల పోటీ కూడా పెట్టమని కుర్రాళ్లు అడిగారు. 'ఆ చంపుకునే ఆటలు సంఘంలోకా?' అని కొందరు పెద్దలు కాదన్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. చదువు పోతుంది, నిద్ర పోతుంది, కళ్లు పోతాయి అన్న భయం అబద్ధం కాదు. కానీ కుర్రాళ్లు మన దగ్గరికి వచ్చి అడిగారు. మళ్లీ చెబుతున్నాను, గొడవ పెట్టుకునేవాడు ఇంకా మనవాడే. అడగడం మానేసిన రోజే అసలు ప్రమాదం.

నా సూచనలు మూడు.

ఒకటి, పెద్దలు రెండు రకాల ఆటలను కలపకండి. జట్టుగా ఆడే ఆట వేరు, డబ్బు పెట్టి ఆడే రమ్మీ, పందెం యాప్‌లు వేరు. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం కూడా డబ్బు ఆటలను నిషేధించి, ఈ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. ఇళ్లు ఆర్పేవి ఆ డబ్బు ఆటలే. మన కోపం అటు తిరగాలి.

రెండు, పోటీ పెడితే జట్టు ఆటే పెట్టండి. పగటిపూట, సంఘం హాల్లో, అమ్మానాన్నల ముందు. ఓడినవాడు గెలిచినవాడితో చేయి కలిపి, కలిసి భోంచేసి ఇంటికి పోవాలి. తలుపేసుకుని ఒంటరిగా ఆడే దాన్ని నలుగురిలోకి తెస్తే సగం జబ్బు అక్కడే తగ్గుతుంది.

మూడు, ఇది సంఘానికి. మనం కూడా కుర్రాళ్లకు లైబ్రరీ అన్నాం, కంప్యూటర్ తరగతులు అన్నాం, బెంగళూరులో హాస్టలు అన్నాం. ఎన్ని ఇచ్చామో కార్యవర్గం లెక్క చూడాలి. వార్ జీ లాగా బోర్డు మీద పెద్దగా రాసి లోపల ఖాళీగా ఉంటే, పేరు మార్చినా ఎవరూ రారు. జోంబాయిడ్ వాళ్లలాగా ఉన్నది ఉన్నట్టు చెప్పి, ఏడాదికి ఒక్కటి చేసి చూపిస్తే చాలు, పోయినవాళ్లు కూడా తిరిగి వస్తారు. ఈ ఏడాదికి లైబ్రరీ ఒక్కటి పూర్తి చేద్దాం, మిగతావి బోర్డు మీద నుంచి చెరిపేద్దాం అని నా ప్రతిపాదన.

పెద్దలు ఏమంటారు? కుర్రాళ్లూ, మీరు ఏ ఆట వదిలి ఏ ఆటకు పోయారో, ఎందుకు పోయారో కింద రాయండి. తెలుగులో రాయండి, తప్పులు పోయినా పర్వాలేదు.